నీళ్లు నిలిచే పెరడు

ఆదివారం మేస్త్రీ వస్తున్నాడని మా ఆయన చెప్పినప్పుడు, నాలుగు డబ్బాలకు మూడు మూతలే ఉన్నాయేమిటా అని నేను వంటింట్లో వెతుకుతున్నాను. “పెరడంతా గచ్చు చేయించేద్దాం. నీకే చాకిరీ తగ్గుతుంది. ఎలాగూ నువ్వక్కడ పెట్టింది ఏదీ బతకదు కదా,” అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆయన ఏదన్నా ప్రేమగానే అంటారు, వచ్చిన చిక్కే అది. కోపంగా అంటే తిరిగి ఓ మాట అనొచ్చు.

పదకొండేళ్లుగా ప్రతి పెళ్లిరోజుకూ ఆయన ఒక గులాబీ మొక్క తెస్తారు. నేను నాటి, మర్చిపోకుండా రెండు పూటలా నీళ్లు పోస్తాను. రెండు నెలలకల్లా అది పసుపు పచ్చబడి చచ్చిపోతుంది. “కొందరి చేతికి అంతేలే,” అంటారు అత్తయ్య. చుట్టాలొస్తే అదో నవ్వులాట, వాళ్లతోపాటు నేనూ నవ్వేదాన్ని. నేను పనిచేసే ఆసుపత్రిలో మాత్రం రక్తం తీయించాలంటే పసిపిల్లల తల్లులు నా డ్యూటీ మొదలయ్యేదాకా కూర్చుంటారు. “ఆవిడ హస్తవాసి మంచిది,” అని ఒకరికొకరు చెప్పుకుంటారు. వేలెడంత చేతిలో నరం దొరకబుచ్చుకునేదాన్ని, ఇంటి గడప దాటగానే నా చెయ్యి మారిపోతుందా? ఇన్నాళ్లూ ఈ ప్రశ్న తట్టనందుకు నా మీద నాకే ఒళ్లు మండింది. ఇంట్లో ఎక్కడ నిలబడ్డా ఏదో ఒక పని నన్ను పిలుస్తుంది. చెప్పులు విడిచి ఊరికే నిలబడగలిగేది ఆ కాస్త మట్టిలోనే. అదీ పోతే నాకింకేం మిగులుతుంది?

డ్యూటీ దిగి నర్సరీకి వెళ్లాను. నర్సరీ ఆవిడ నా గోడంతా విని, ఒకటే అడిగింది. “వాన వెలిశాక మీ పెరట్లో నీళ్లు ఎంతసేపు నిలుస్తాయి?”

“రెండు రోజులు.”

“అయితే మీ చేతిని ఎందుకమ్మా ఆడిపోసుకుంటారు? అడుగు లోతు గొయ్యి తీసి నిండా నీళ్లు పొయ్యండి. తెల్లారినా ఇంకకపోతే గులాబీ ఊసెత్తకండి. వేళ్లకి ఊపిరాడక చస్తుంది.”

అంటే నేను వాటిని ముంచి చంపాను. పదకొండు మొక్కల్ని, అదీ శ్రద్ధగా.

సాయంత్రం గొయ్యి తీసి రెండు బకెట్లు పోశాను. పొద్దున చూస్తే బెత్తెడు కూడా తగ్గలేదు. అత్తయ్య వచ్చి నా పక్కన నిలబడ్డారు. నేను విషయం చెప్పాను. ఆవిడ వంగి ఆ నీళ్లలో వేలు ముంచి చూశారు.

“ఇక్కడే నేను మల్లె పెట్టానే, కొత్తగా కాపురానికొచ్చినప్పుడు. మూడుసార్లు పెట్టాను. నీ చేత్తో ఏది ముట్టుకున్నా మసేనన్నారు మీ మామగారు. నేనూ నిజమే కాబోలనుకున్నాను. ఆ మాటే నీకూ అంటగట్టాను చూడు,” అన్నారు. కళ్లు తుడుచుకుంటున్నారో నవ్వుతున్నారో తెలియలేదు. అంతవరకూ నాకు ఆవిడ మీదున్న కోపమంతా ఏమైపోయిందో!

శనివారం ఇద్దరం నర్సరీకి వెళ్లాం. అత్తయ్య పాత అలవాటుకొద్దీ మల్లె దగ్గర ఆగారు. “నేలని మార్చాలంటే నడుం విరుగుతుంది. ఈ నేలంటే ఇష్టపడేవాటిని తీసుకెళ్లండి,” అంది నర్సరీ ఆవిడ. నీళ్లు ఎక్కువ నిలిచే మూలకి వస, చేమ. గోడ వెంట ఎర్ర మెట్టతామర. తెల్లగా పూసే స్పైడర్ లిల్లీలు నాలుగు. లిల్లీ ముందు నాటాలా, మెట్టతామరా అని ఇంటికొచ్చే దారంతా కొట్లాడుకుని, చివరికి చెరొకటీ నాటాం. మోకాళ్లదాకా బురదతో అత్తయ్య పకపకా నవ్వుతుంటే, ఈవిడ పెళ్లికూతురిగా ఎంత బాగుండేవారో అనిపించింది.

మా ఆయన గుమ్మంలోకి వచ్చి నోరు తెరిచారు. “రేపు మేస్త్రీ వస్తుంటే ఇవన్నీ ఎందుకు నాటారు?”

నేను లేచి నడుం నిటారుగా చేసుకున్నాను. “రానివ్వండి. ఈ పెరడు నాది, నేను గచ్చు చెయ్యనివ్వను. గుమ్మం పక్కన రెండు కుర్చీలు పట్టేంత మటుకు చేసి పొమ్మనండి.”

ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టారు. “రెండేనా? మనం ముగ్గురం కదా!”

“నువ్వు మాకు టీ పెట్టి తేవద్దట్రా?” అన్నారు అత్తయ్య. “వచ్చేటప్పుడు చంకలో నీ కుర్చీ నువ్వు తెచ్చుకో.”