దానమ్మ హస్తవాసి

మెదక్ బస్టాండు వెనక సందులో ముప్పై పడకల ప్రైవేటు దవాఖాన ఒకటుంది. అక్కడి రోగులకు దేవుడి మీద ఎంత నమ్మకముందో చెప్పలేం గానీ, హెడ్ నర్సు దానమ్మ కుడిచేతి మీద మాత్రం అంతకు రెండింతలు ఉంది. ఆమె సూది వేస్తే నొప్పి తెలియదట. నొప్పి సంగతి అలా ఉంచండి, మందు ఇంకా సిరంజిలో ఉండగానే జ్వరం సగం దిగిపోతుందట. ఇరవై ఆరేళ్లుగా ఊరు ఈ మాట అంటూనే ఉంది. హస్తవాసి అంటే అదీ. కొందరికి పుట్టుకతో వస్తుంది, మిగతావాళ్లు పాపం నర్సింగు చదువుకోవాలి.

ఈ హస్తవాసి పుణ్యమా అని దానమ్మ వేడన్నం తిని ఎరగదు. డబ్బా మూత తీయగానే ఎవరో ఒకరు గుమ్మంలో ప్రత్యక్షమవుతారు. "సిస్టరమ్మా, మా మామకు నువ్వే రావాలెనట." ఆమె విసుక్కుంటూ లేస్తుంది. ఆ విసుగంతా పైకే. లోపల ఎంత హాయిగా ఉంటుందో ఆమె భర్త గాబ్రియేలుకు కూడా తెలియదు. చర్చి స్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన ఆయనకు, మనుషులను వరసలో నిలబెట్టడమే గానీ వాళ్ల మనసులో ఏముందో చూసే అలవాటు లేదు. ఆదివారం పెద్ద చర్చి మెట్ల మీద ఆడవాళ్లు "దానమ్మక్క చెయ్యి..." అని మొదలుపెడితే, ఆమె "అయ్యో, అంత ప్రభువు దయ" అంటూనే ఆ చేతిని అందరికీ కనబడేలా బైబిలు మీద పెట్టుకునేది.

చంద్రిక వచ్చాక చిక్కు మొదలైంది.

చంద్రికది శివ్వంపేట. బట్టల దుకాణంలో రెండేళ్లు చీరలు మడతపెట్టి, ఆ తర్వాత నర్సింగు చదివి, మూడు నెలల కిందట ఇక్కడ చేరింది. నిజం చెప్పాలంటే పిల్ల పనిమంతురాలు. దానమ్మ సెలవులో ఉన్న రోజు, నరం దొరకని చంటిపిల్లకు ఒక్క ప్రయత్నంలో సెలైన్ పెట్టింది. దానమ్మ డ్యూటీలో ఉండి ఉంటే ఆ తల్లి తన పిల్లను ముట్టనిచ్చేది కాదు. మామూలు రోజుల్లో చంద్రికను బీపీ చూడనిస్తారు, జ్వరం చూడనిస్తారు. సిరంజి పట్టుకుందంటే మాత్రం వార్డులో చేతులన్నీ దుప్పట్ల కిందికి పోతాయి.

ఆరో నంబరు మంచం మీది ఐలమ్మ అందరికంటే గట్టిది. షుగరుతో, మానని కాలిపుండుతో చేగుంట నుంచి వచ్చింది. రెండు పూటలా సూది పడాలి. చంద్రిక ట్రే తెచ్చినప్పుడల్లా ఒకటే మాట.

"నీ చెయ్యి ఎట్లుంటదో నాకేం ఎరుక బిడ్డా? దానమ్మను పిలువు."

"గదే మందు, గదే సూది కదవ్వా."

"గదే పప్పు, గదే ఉప్పు. మా కోడలు వండితె తింటున్ననా?"

వార్డంతా గొల్లుమంది. చంద్రిక కూడా నవ్వి, ట్రే పట్టుకుని వెనక్కి వచ్చేసింది.

దానమ్మ నచ్చజెప్పని రోజు లేదు. "ఈ పిల్ల నాకంటె మంచిగిస్తది" అని మంచం మంచానికీ తిరిగి చెప్పేది. "గంత పెద్ద సిస్టరుకు గింతన్న గర్వం లేదు సూడుండ్రి" అని జనం మురిసిపోయి, చేతులు ఆమె వైపే చాపేవారు.

దవాఖాన యజమాని డాక్టరు శశిధర్ ఒకరోజు దానమ్మను తన గదికి పిలిపించాడు.

"సిస్టర్, చంద్రిక ట్రయలు ఈ నెలాఖరుకు అయిపోతది. పేషెంట్లు చెయ్యే ఇస్తలేరు. ఆమెను పెట్టుకొని నేనేం చెయ్యాలె? ఇంకొకరిని చూసుకుంట."

"ఇంకొకరొచ్చినా గింతే కద సార్."

"మరేం చెయ్యమంటరు? మీ చెయ్యి జిరాక్సు తీయించాల్నా?"

"నెలాఖరుదాక ఆగుండ్రి సార్" అంది దానమ్మ. నెలాఖరుకు పన్నెండు రోజులున్నాయి.

ఆ మధ్యాహ్నం దుప్పట్ల కోసం స్టోర్ రూములోకి వెళ్తే, చంద్రిక స్టూలు మీద కూర్చుని ఒక బత్తాయిపండుకు నీళ్ల సూది ఇస్తూ కనబడింది.

"ఏం చేస్తున్నవే?"

"ప్రాక్టీసు మేడం. ఈ దవాఖానల నన్ను ఒద్దనని పేషెంటు గిదొక్కటే." నవ్వుతూనే అంది గానీ, ఆ నవ్వు చివరిదాకా నిలబడలేదు. "సారు అన్నది నాకు ఇనబడ్డది మేడం. పోత. చీరలు మడతపెట్టుడు ఇంకా మర్చిపోలే. ఆడ నా చెయ్యిని చూసి ఎవ్వరు భయపడరు."

దానమ్మ దుప్పట్ల సంగతి మరచిపోయి బయటికి వచ్చేసింది. సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తూ దారి పొడవునా తిట్టుకుంది. మొదట ఐలమ్మను, తర్వాత డాక్టరును, ఆ తర్వాత హస్తవాసి అనే మాట కనిపెట్టినవాణ్ణి. పోస్టాఫీసు దాటేసరికి తిట్టడానికి తను తప్ప ఎవరూ మిగల్లేదు. మొన్న నాలుగో మంచం ఆయన చంద్రికను వద్దన్నప్పుడు తను ఏం చేసింది? ఆయన్ని కసిరింది. కసిరి, ఆ చివర నుంచి ఈ చివరికి నెమ్మదిగా, వార్డంతా చూసేలా నడిచి వెళ్లి సూది తనే వేసింది. ఆ నడకలోని సంబరం ఇప్పుడు గుర్తొచ్చి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పిల్లకు అడ్డుగా ఉన్నది తన చెయ్యే. అడ్డం తీయాల్సిందీ తనే.

మరునాడు పొద్దున్నే ఆయా కిష్టవ్వను పక్కకు పిలిచింది. ఇక్కడ కిష్టవ్వ గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆమె దవాఖాన గదులను ఎంత శ్రద్ధగా తుడుస్తుందో, ఆ గదుల్లో విన్నవన్నీ ఎదురు టీ హోటల్లో అంతే శ్రద్ధగా దులుపుతుంది. దానమ్మకు అబద్ధమాడటం చేతకాదు. అందుకని మాటలు బియ్యంలో రాళ్లేరినట్టు ఏరుకుని మరీ అంది.

"కిష్టవ్వా, నా చెయ్యి మీద నాకే గుబులైతున్నది. ఎవ్వరికీ చెప్పకు."

"ఏడుపాయల దుర్గమ్మ తోడు సిస్టరమ్మా, నా నోట్లకెల్లి బయటికి రాదు" అని కిష్టవ్వ ఒట్టేసి, సగం తుడిచిన వరండాను అలాగే వదిలేసి బయటికి పోయింది.

పదింటికి టీ హోటల్లో దానమ్మ చెయ్యి వణుకుతోంది. పదకొండింటికి బస్టాండులో ఆ చెయ్యి పూర్తిగా పడిపోయింది. మధ్యాహ్నానికి, ఆమె సూది వేసిన ఒక మనిషి భుజం గుమ్మడికాయంత ఉబ్బిందని, కళ్లారా చూసినవాళ్లు నలుగురు తేలారు. సాయంత్రం చేగుంట బస్సెక్కిన వార్త, దిగేసరికి మరో వేషంలో దిగింది. దానమ్మ హస్తవాసి ఎక్కడికీ పోలేదు, స్టోర్ రూములో తలుపేసుకుని శివ్వంపేట పిల్లకు ధారపోసిందట. మధ్యలో ఒక బత్తాయిపండు కూడా పెట్టారట. ఈ ధారపోత ముక్క, స్టోర్ రూములో సూదిపోట్ల బత్తాయిని చూసిన కిష్టవ్వ సొంత కల్పన. దానమ్మ అలా చెప్పమని అడగనూ లేదు, విన్నాక వద్దననూ లేదు.

మరునాడు దానమ్మ ట్రే తీసుకుని తనే ఆరో మంచం దగ్గరికి వెళ్లింది. ఐలమ్మ చెయ్యి అప్పటికే దుప్పటి కింద ఉంది.

"నువ్వొద్దు తల్లీ. ఏమనుకోకు. గా పిల్లను పంపు."

దానమ్మ కోరుకున్నది ఇదే. అయినా ఇరవై ఆరేళ్లలో ఆమెను వద్దన్న రోగి లేడు. 'ఆ పుకారు నేనే పుట్టించాను' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "చంద్రికా!" అని పిలిచింది.

చంద్రిక వచ్చి ట్రే అందుకుంది. హస్తవాసి చేతులు మారాక పడుతున్న మొదటి సూది కదా, వార్డులో లేవగలిగినవాళ్లందరూ లేచి కూర్చున్నారు. అన్ని కళ్లు తన మీద పడేసరికి పిల్ల ట్రేను దానమ్మ వైపు కాస్త జరిపి, మీరే వేయండి అన్నట్టు దీనంగా చూసింది. అందుకుంటే అర నిమిషం పని. దానమ్మ చేతులు అందుకోవడానికి లేచాయి కూడా. వాటిని కోటు జేబుల్లో కుక్కుకుంది.

"గీళ్లందర్ని నేను చూసుకుంట" అని చంద్రిక చెవిలో చెప్పింది. "నువ్వు ఐలవ్వ చెయ్యి ఒక్కటి చూడు. నీకు పనొస్తది, నాకెరుకే."

ఆ తర్వాత వార్డు వైపు తిరిగి గొంతు పెంచింది. "ఏందిది, సిన్మానా? కూసున్నోళ్లందరికి ఎనిమా రాపిస్త సారుతోని!"

మంచాలన్నీ ఒక్కసారిగా కిర్రుమన్నాయి. అందరూ పడుకున్నారు. దానమ్మ మాత్రం వెనక్కి తిరగలేదు. తిరిగితే పిల్ల మళ్లీ తన మొహమే చూస్తుంది. కిటికీ తెర అంచు పట్టుకుని, లోపల ప్రార్థన చేసుకుంటూ నిలబడింది.

"అయిపోయిందా?" అని ఐలమ్మ గొంతు వినబడింది.

"అయిపోయిందవ్వా."

"అగో! దోమ కుట్టినంత గూడ లేదు కద బిడ్డా. దానమ్మ ఇచ్చినప్పుడు జరంత చుర్రుమంటుండె. పాపమని నేనే చెప్పకపోతుంటి."

దానమ్మ ఈ మాట విననట్టు, సరిగ్గానే ఉన్న తెరను ఇంకోసారి సరిచేసింది.

నెలాఖరుకల్లా చంద్రికకు అన్నం తినే తీరిక లేకుండా పోయింది. డాక్టరు శశిధర్ ఆమెను పర్మనెంటు చేసి, దానమ్మను లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

"సిస్టర్, హైదరాబాదుల నాకు తెల్సిన నరాల డాక్టరున్నడు. చెయ్యి చూపించుకుందురు."

దానమ్మ జరిగిందంతా చెప్పేసింది. డాక్టరు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. నవ్వడం అయ్యాక, "ఇప్పుడన్న అసలు సంగతి చెప్పుండ్రి. మీ పేరు ఖరాబైతున్నది" అన్నాడు.

"చెప్తే మళ్ల అందరు నా దగ్గరికే వస్తరు సార్. పిల్లకు ఇంకో ఆర్నెల్లు కావాలె. అందాక పోతె పోనియ్యుండ్రి."

మాటైతే దర్జాగానే అంది. కానీ రిజిస్టర్లు రాయడం, బీపీలు చూడడం తప్ప పని లేని చెయ్యి రోజంతా ఒళ్లో పడి ఉంటే ఆమెకు ప్రాణం ఉసూరుమనేది. రోజూ వేడన్నం తింటోంది, ఒక్క ముద్దా సహించడం లేదు.

అలాంటి రోజుల్లో గాబ్రియేలు కాలికి మేకు దిగింది. ఇంట్లో ఊడిన పటాన్ని తనే బిగిస్తానని బయలుదేరి, మేకును కింద పడేసి, దాన్ని కాలితోనే వెతికాడు. కుంటుకుంటూ దవాఖానకు వచ్చాడు. డాక్టరు టీటీ సూది రాశాడు. దానమ్మకు భర్త గాయం చూసి బాధ కలగకపోలేదు గానీ, అంతకంటే ముందు సంతోషమే కలిగింది. ఇన్నాళ్లకు ఒక చెయ్యి, అదీ సొంత మొగుడి చెయ్యి! ఆయన ఎదుటే మందు చుక్క తొణక్కుండా సిరంజిలోకి లాగి, దూది తడిపి, ముందుకు వంగింది. గాబ్రియేలు మడిచిన చొక్కా చేతిని మెల్లగా కిందికి దించుకున్నాడు.

"దానమ్మా... జర, చంద్రిక లేదా?"

"ఏందీ?"

"కోపానికి రాకు. చర్చిల అందరంటున్నరు. ఇప్పటికే కాలికి దెబ్బయింది. మళ్ల చెయ్యి గూడ ఎందుకు?"

ముప్పై ఏళ్ల కాపురం. దానమ్మకు ఆ క్షణాన మొగుడి మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నా చెయ్యికేం కాలేదయ్యా అని ఒక్క మాటంటే చాలు, ఆయన నమ్ముతాడు. కానీ గుమ్మంలో కిష్టవ్వ చీపురు పట్టుకుని, ఊడవకుండా నిలబడి ఉంది. ఆ ఒక్క మాట సాయంత్రానికి ఊరు చుట్టేస్తుంది. రేపు పొద్దున చంద్రికను చూడగానే దుప్పట్లు మళ్లీ కదులుతాయి.

"చంద్రికా, సారుకు టీటీ ఇయ్యి బిడ్డా."

చంద్రిక వచ్చి సిరంజిని చూసింది, దాన్ని పట్టుకున్న చేతిని చూసింది. పడిపోయిన చెయ్యి అంత నిలకడగా ఉండదని ఒక నర్సుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మేడం, మీ చెయ్యి..."

"పేషెంటు ఎవర్నడిగితె వాళ్లే ఇయ్యాలె" అని దానమ్మ మాట తుంచేసింది. "నువ్వియ్యి."

ఈసారి తల తిప్పుకోకుండా చూసింది. సూది దిగింది, మందు పోయింది, సూది బయటికి వచ్చింది. ఎక్కడా తొందర లేదు, బెదురు లేదు. దానమ్మకు అసూయ కలిగింది, కలగలేదంటే అబద్ధం. దాన్ని తోసుకుంటూ, కన్నబిడ్డ మొదటి అడుగు వేసినప్పటి సంతోషం గుండె నిండా వచ్చింది.

"నొప్పే తెల్వలే!" అని గాబ్రియేలు గదంతా వినబడేలా మెచ్చుకున్నాడు. "ఏం చెయ్యి బిడ్డా నీది! దానమ్మా, నువ్వు జర గా దూది పట్టు, చాలు."

దానమ్మ దూది పట్టింది. ఇన్ని రోజుల ఉక్రోషాన్నంతా బొటనవేలి మీదికి తెచ్చుకుని మరీ పట్టింది.

"ఓ దేవా!" అని గాబ్రియేలు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "సూదికి పోని పాణం గీ దూదికి పోయింది! అందరన్నది నిజమేనే!"

కిష్టవ్వ చీపురును గోడకు ఆనించి టీ హోటలు వైపు బయలుదేరింది. ఆమె వెళ్తున్న ఊపు చూసి దానమ్మకు నవ్వాగలేదు. చంద్రిక కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది. ఆ ఇద్దరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియక గాబ్రియేలు చెయ్యి పట్టుకుని చూస్తుండగా, వార్డులోంచి ఎవరో కేకేశారు. "చంద్రిక సిస్టరు ఏడున్నది? మా అవ్వకు ఆమెనే రావాలెనట!"

"పో, పిలుస్తున్నరు" అంది దానమ్మ, ట్రేను ఆమె చేతికిస్తూ.