నిండుకున్న వల

తెల్లవారకముందే లక్ష్ముడు తండ్రి నూకన్నతో పడవెక్కేవాడు. ఎండెక్కేసరికి ఒడ్డుకొచ్చి, నాలుగు మెతుకులు తిని, చేపల వాసన పోయేదాకా చేతులు రుద్దుకుని కాలేజీకి పరిగెత్తేవాడు. ఆట ఉన్నరోజు వల కూడా భుజాన వేసుకునేవాడు. పోర్ట్‌బ్లెయర్లో కాలేజీ పెట్టిన కొత్త రోజులవి. ఫుట్‌బాల్ జట్టయితే తయారైంది గానీ, గోలుకి కట్టే వలలు మద్రాసు ఓడలో వస్తాయనడమే తప్ప ఏ ఓడా తేలేదు. ఇంట్లో వల ఉన్న పాపానికి లక్ష్ముణ్ణి గోల్‌కీపర్ని చేసేశారు.

ఆ వల అల్లింది అతని తల్లి కామమ్మ. మొదటిసారి నీళ్ళలో దించేముందు పసుపు రాసి, కుంకుమ పెట్టి, "ఏడ ఏసినా, ఏడ కట్టినా నా కొడుకు వల నిండాల తల్లీ" అని గంగమ్మకి మొక్కింది. వల ఆ మాట విన్నది. సముద్రంలో వేస్తే చేపలతో నిండేది, గ్రౌండులో కడితే బంతులతో నిండేది. ఎటో పోవాల్సిన బంతి గాల్లో కాస్త ఆగి, వెనక్కి తిరిగి, లక్ష్ముడి చంక కిందనుంచి దూరి వలలో పడేది. దాంతోపాటు అప్పుడప్పుడూ చేప పడితే రెఫరీ దాన్ని తీసి గట్టుమీద పెట్టి మళ్ళీ ఈల ఊదేవాడు.

పోలీసుల చేతిలో ఓడారు. మిల్లు కూలీల చేతిలో ఓడారు. చివరికి నిక్కర్లేసుకున్న హైస్కూలు పిల్లలు కూడా వాళ్ళని ఏడిపించి వెళ్ళారు.

"లక్ష్ముడు భయ్యా, హాఫ్‌టైంలో వల విప్పకురా," అని కెప్టెన్ జీవరాజు బతిమాలాడు. "వైపులు మారాక అది వాళ్ళ గోలుకే ఉండనీ. ఒక్క మ్యాచయినా జీత్ జాయేంగే."

లక్ష్ముడు ఆ సంగతి ఇంట్లో ఎత్తాడు. కామమ్మ మండిపడింది.

"ఇంటి లచ్చిమిని తీసుకుపోయి ఊరోళ్ళ ఎనకాల కట్టేస్తావేటిరా?"

దాంతో ప్రతి హాఫ్‌టైంలోనూ లక్ష్ముడే వల విప్పి, గ్రౌండంతా ఈడ్చుకుపోయి, తన వెనకే కట్టుకునేవాడు.

నిజానికి అతని బెంగ ఆట గురించి కాదు. అన్న బంగారురాజుని సముద్రం మింగినప్పటినుంచీ పడవెక్కాలంటే లక్ష్ముడికి భయం. ఆ సంగతి తండ్రితో చెప్పుకోలేక లోలోపలే కుమిలిపోయేవాడు. ఓడరేవు వాళ్ళ ఫుట్‌బాల్ జట్టులో చేరితే ఒడ్డుమీద నౌకరీ ఇస్తారు. ఆ జట్టు చూసే ఆఫీసరు సుందర్‌రాజ్ ఒక మాటన్నాడు: "మా జట్టుతో ఆడే రోజున ఒక్క గోలూ పడకుండా చూడు బాబూ, అప్పుడు మాట్లాడదాం."

సీజన్లో ఆఖరి ఆట అదే. ఆ పొద్దున లక్ష్ముడు తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"అమ్మా, ఇయ్యాల్టికి వలని ఖాళీగా ఉండమని చెప్పవా? నాకు సముద్రమంటే భయమే."

కామమ్మ లేచి వలని వాకిట్లో పరిచింది. తర్వాత ముంతతో నీళ్ళు తెచ్చింది. కానీ వలముందు ఖాళీ అనే మాట ఎలా అంటుంది? పచ్చగా ఉన్న ఇంట్లో అలాంటి మాట పలకరు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు, నూనె అయిపోతే నిండుకుందంటారు. కామమ్మ కూడా నీళ్ళు చల్లి, "నిండుకో తల్లీ" అంది. కొడుకు మీది ఆత్రంలో ఈ ఒక్కపూటకి అని చేర్చడం మరిచిపోయింది.

ఆరోజు వానలోనే ఆడారు. రేవు జట్టు కొట్టిన ప్రతి బంతీ వలదాకా వచ్చి, సిగ్గుపడ్డట్టు పక్కకి తప్పుకుని పోయింది. లక్ష్ముడు చేతులు చాపి నిలబడ్డాడు, అంతే. అటువైపు రేవు కీపరు పోలిరాజు బురదలో పడి, దొర్లి, జీవరాజు కొట్టిన బంతులన్నీ ఆపాడు. ఎవరికీ గోలు పడలేదు. ఓడనందుకే కాలేజీ కుర్రాళ్ళు లక్ష్ముణ్ణి భుజాలకెత్తుకున్నారు.

కిందికి దిగగానే అతను సుందర్‌రాజ్ దగ్గరికి పరిగెత్తాడు.

"సాబ్, ఒక్క గోలూ పడలేదు!"

"పడలేదు బాబూ. కానీ నువ్వు ఒక్క బంతినీ ముట్టలేదు గదా. ఏం చూసి తీసుకోను? మాకు పోలిరాజు చాలు," అన్నాడు ఆయన, జాలిగానే.

మర్నాడు సముద్రంలో వల శుభ్రంగా ఉతికినట్టు పైకొచ్చింది. పీత కూడా లేదు. ఆ మర్నాడూ అంతే. కామమ్మ మళ్ళీ పసుపు రాసి, నిండమని మొక్కింది, ఏడ్చింది. వలకి మాత్రం ఆ మాటంటే ఖాళీ అన్న అర్థమొక్కటే మిగిలింది. దగ్గర్లో ఏమీ దొరక్క తండ్రీకొడుకులు రోజంతా లోపలికి, ఇంకా లోపలికి పోవాల్సి వచ్చింది. లక్ష్ముడి కాలేజీ ఆగిపోయింది.

ఒకరోజు పక్కింటి బుల్లమ్మ, పొయ్యి వెలగకపోవడం చూసి గుమ్మంలోంచి అడిగింది.

"బియ్యం నిండుకున్నాయా వదినా?"

"నిండుకోలేదు," అంది కామమ్మ. "అయిపోయాయి."

ఆ ఇంట్లో ఆ మాట పలకడం అదే మొదలు. లక్ష్ముడు వల భుజాన వేసుకుని, రేవులో ఉన్న తండ్రి పడవవైపు నడిచాడు.