ఎవరికీ అభ్యంతరం లేని పెళ్ళి

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆ పల్లె చర్చిలో స్త్రీల కూడిక జరుగుతుంది. సూళ్లూరుపేటకు తూర్పున, రొయ్యల గుంటల మధ్య ఉన్న చిన్న పల్లె అది. చాప మీద కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరుగా తమ ప్రార్థన మనవులు చెప్పుకుంటారు. ఒకామెకు మోకాళ్ళ నొప్పి, ఇంకొకామెకు తాగుబోతు మొగుడు, మరొకామెకు తెగులు తగిలి తుడిచిపెట్టుకుపోయిన రొయ్యల గుంట. ఒకరి కష్టానికి అందరూ కళ్ళొత్తుకుంటారు. నిజం చెప్పాలంటే, ఆ పల్లెలో చాలామంది ఆడవాళ్ళకు ఆ చాపే పుట్టిల్లు.

ఆ రోజు రెబెక్కమ్మ వంతు వచ్చింది. ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. భర్త పోయాక ఒక్కగానొక్క కొడుకును ఆ పొయ్యి దగ్గరే నిలబడి చదివించింది. కొడుకు జడ్సన్ రొయ్యల గుంటల మీద టెక్నీషియన్. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పుతాడు. ఊళ్ళో తల్లులు తమ కొడుకులను తిట్టేటప్పుడు జడ్సన్ పేరు చెప్పి తిట్టేవారు.

ఆ జడ్సన్ ఆ వారంలోనే తల్లిని కూర్చోబెట్టుకుని మనసు విప్పాడు. తనకు ఆడపిల్లల మీదికి మనసు పోదని, ఊహ తెలిసినప్పటి నుంచీ అంతేనని చెప్పాడు. సూళ్లూరుపేటలో మోటార్ వైండింగ్ షాపు నడిపే పీర్ సాహెబ్ కొడుకు అర్మాన్‌ను ప్రేమిస్తున్నానన్నాడు. గుంటల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు కాలిపోయినప్పుడల్లా అక్కడికి తీసుకుపోయేవాడు, అక్కడే పరిచయమైంది. ఇది నేరం కాదని పెద్ద కోర్టు ఎప్పుడో తేల్చిందని, థాయ్‌లాండ్‌లో ఇలాంటివాళ్ళు చట్టప్రకారం పెళ్ళే చేసుకుంటున్నారని ఫోన్‌లో వార్తలు చూపించాడు. మనకు ఇంకా ఆ భాగ్యం లేదులే అని నవ్వాడు కూడా.

"నీ ఒక్కదానికే చెబుతుండా అమ్మా. నాకు పెళ్ళి మాత్రం చెయ్యొద్దు. ఇంకో ఇంటి బిడ్డ గొంతు కొయ్యలేను," అన్నాడు.

రెబెక్కమ్మకు థాయ్‌లాండ్ ఎక్కడుందో తెలియదు. ఆమెకు తెలిసినదల్లా బైబిలు, చర్చి, పదిమందిలో పరువు. కొడుక్కి ఏదో అయిపోయిందని వణికిపోయింది. ఆ వణుకుతోనే శుక్రవారం కూడికకు వచ్చి, ఇంటి విషయం ఒకటి ఉంది, ప్రార్థన చెయ్యండని మాత్రం చెప్పి ఊరుకోబోయింది. కూడిక నడిపే జయశీలమ్మ ప్రేమగా భుజం మీద చెయ్యి వేసింది.

"దేనికని చెయ్యాలక్కా? తెలిస్తేనే గదా గట్టిగా ప్రార్థించేది."

రెబెక్కమ్మ చెప్పేసింది. ఆడవాళ్ళు ఆమె తల మీద చేతులు పెట్టి ఏడ్చారు. గుండె మీది బరువు దిగినట్టయి ఆమె ఆ పూట కడుపునిండా అన్నం తిన్నది.

పాఠకులు తొందరపడి ఎవరినీ తిట్టుకోవద్దు. ఆ చాప మీద దుర్మార్గురాలు ఒక్కతీ లేదు. మన ఊళ్ళలో చాలా ఘోరాలు మంచివాళ్ళ చేతుల మీదుగానే జరుగుతాయి, అందుకే వాటిని ఘోరాలని ఎవరూ అనరు.

ఆదివారానికి విషయం ఊరంతా గుప్పుమంది. ప్రార్థన కోసమే సుమా అంటూ ఒకరి చెవిన ఒకరు వేసుకున్నారు. సండే స్కూలు పిల్లలను ఇక వేరేవాళ్ళు చూసుకుంటారని పాస్టరు అయ్యగారు జడ్సన్‌కు మెత్తగా చెప్పారు. కీబోర్డు మాత్రం వదలొద్దన్నారు, ఎందుకంటే వాయించేవాడు ఇంకొకడు లేడు. చేపల బజారులో పడిన మాట సూళ్లూరుపేట దాకా పోయింది. అర్మాన్‌ను అతని అన్నలే షాపు షట్టరు దించి కొట్టారు. రాగి తీగ చుట్టే కుడిచెయ్యి విరిగింది. కట్టు కట్టించి, ఫోను లాక్కుని, వేలూరులో ఉన్న బంధువుల ఇంటికి పంపేశారు.

జడ్సన్ ఇంటికి వచ్చి గడప మీద కూలబడ్డాడు. ఎవరికి చెప్పినావని తల్లిని అడిగాడు. దేవుడికే చెప్పుకున్నానంది రెబెక్కమ్మ.

"దేవుడికి చెప్పాలంటే ఊరందరినీ కూర్చోబెట్టుకోవాలా అమ్మా?"

ఆమె దగ్గర ఉన్నది ఉపవాసం ఒక్కటే. కొడుకు మారేదాకా మెతుకు ముట్టనని పడుకుంది. తల్లి సొమ్మసిల్లిన రోజున జడ్సన్ మీ ఇష్టం అన్నాడు. ఆ రెండు మాటలనే అయ్యగారు దయ్యం నుంచి విడుదల అన్నారు. కూడికలో ఆడవాళ్ళు సంతోషంతో పాటలు పాడారు, ఆపైన వాళ్ళే సంబంధమూ వెతికారు. నాయుడుపేటలో రిటైరైన బడిపంతులు జయకుమార్ గారి కూతురు అబిగయీలు, ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. నెమ్మదైన పిల్ల. వాళ్ళకు ఈ సంగతి చెప్పాలని ఎవరికీ తోచలేదు. నయమైపోయిన జబ్బును పెళ్ళివారికి చెప్పుకునేదేముంది అని జయశీలమ్మ తేల్చేసింది.

చర్చి పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ వివాహం నిశ్చయమైంది, అభ్యంతరమున్నవారు ఇప్పుడే చెప్పండి అని అయ్యగారు సంఘాన్ని అడుగుతారు. రెండు వారాలు ఎవరూ నోరు మెదపలేదు. మూడో ఆదివారానికి ముందురోజు రాత్రి జడ్సన్ తల్లి పక్కన వచ్చి కూర్చున్నాడు.

"రేపు అయ్యగారు అడిగినప్పుడు నువ్వు లేసి నిలబడమ్మా. నేను చెబితే దయ్యం మాట్లాడిందంటారు. నువ్వు చెబితే నమ్ముతారు. ఒక్క మాట చాలు, ఆ పిల్ల బతుకు నిలబడతాది."

రెబెక్కమ్మ సరేనని తల ఊపింది. తెల్లవారి చర్చిలో మొదటి బెంచీలో కూర్చుంది. కాబోయే వియ్యంకుడు జయకుమార్ కూడా ఆ రోజు నాయుడుపేట నుంచి వచ్చి ఆమె వెనక కూర్చున్నాడు. అయ్యగారు ప్రకటన చదివి తలెత్తి చూశారు. ఆ గుడిలో ఉన్న ఆడవాళ్ళందరికీ తెలుసు, మగవాళ్ళందరికీ తెలుసు, అడుగుతున్న అయ్యగారికీ తెలుసు. తెలియనివాడు జయకుమార్ ఒక్కడే. జడ్సన్ కీబోర్డు దగ్గర నుంచి తల్లినే చూస్తున్నాడు. రెబెక్కమ్మ బెంచీ అంచు పట్టుకుంది. లేవడానికే పట్టుకుంది. ఇంతలో ఎవరో దగ్గారు, నలుగురు తల తిప్పి చూశారు, ఆ నాలుగు జతల కళ్ళకే ఆమె బెంచీ అంచు వదిలేసింది. తల దించుకుని బైబిలు తెరిచింది. అయ్యగారు దేవునికి స్తోత్రం అన్నారు.

పెళ్ళి బాగా జరిగింది. అందరూ బిర్యానీ మెచ్చుకున్నారు.

పెళ్ళయిన కొన్నాళ్ళకు అబిగయీలు చిక్కిపోయింది. డ్యూటీకి పోయేటప్పుడు అద్దం ముందు నిలబడి చాలాసేపు తనను తాను చూసుకునేది. ఒకరోజు వంటింట్లో చింతపండు పిసుకుతూ, అత్త ముఖం చూడకుండా అడిగింది.

"నాలో ఏం లోపం ఉందత్తా? ఆయన నన్ను ఒక్క మాట అనడు. ఒక్కసారి దగ్గరికీ రాడు. చెప్తే దిద్దుకుంటా గదా."

రెబెక్కమ్మ పొయ్యి వైపు తిరిగింది. కాలమే సర్దుతుందని ఏదో గొణిగింది. గుమ్మంలో నిలబడి ఆ మాటలు జడ్సన్ విన్నాడు. ఆ సాయంత్రం భార్యను రొయ్యల గుంటల గట్టు మీదికి తీసుకుపోయి ఉన్నదంతా చెప్పి, కాళ్ళ మీద పడ్డాడు. మరునాడు జయకుమార్ కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చాడు. కేకలు వెయ్యలేదు. వేసి ఉంటే రెబెక్కమ్మకు కొంత తేలికగా ఉండేది.

"మీ అబ్బాయి సంగతి నాకు అర్థం కాదు వదినా," అన్నాడు ఆయన. "పాతకాలం మనిషిని. తప్పో ఒప్పో దేవుడికి తెలుసు. అయితే మా బిడ్డకు నిజం చెప్పింది ఈ ఊరు మొత్తం మీద ఆ పిల్లోడొక్కడే. అతన్నే మీరు రోగి అన్నారు. అయ్యగారు అడిగినప్పుడు మీరు నా ముందు బెంచీలోనే ఉండారు. ఎందుకు లెయ్యలేదు?"

"పరువు పోతాదని భయపడినా, అన్నా."

జయకుమార్ కూతురి పెట్టె అందుకుని బయటికి నడిచాడు. అబిగయీలు ఆటో ఎక్కేముందు జడ్సన్ వైపు తిరిగి, నీ మీద నాకు కోపం లేదని చెప్పింది. అత్త వైపు చూడలేదు.

నెల తిరక్కుండానే జడ్సన్ కూడా వెళ్ళిపోయాడు. ఎక్కడో దూరాన రొయ్య పిల్లలను పొదిగించే హేచరీలో పని దొరికిందన్నాడు, ఎక్కడో చెప్పలేదు. పోట్లాడలేదు, తిట్టలేదు. తల్లికి మందులు కొనిపెట్టి మరీ పోయాడు. ఆ తర్వాత ఫోను కలవలేదు. రెబెక్కమ్మ వారాల తరబడి అదే నంబరు నొక్కి నొక్కి, చివరికి ఒక ఆశతో సూళ్లూరుపేట బస్సెక్కింది. ఇద్దరూ ఎక్కడో ఒకచోట కలిసి బతుకుతుంటే చాలు, తనతో మాట్లాడకపోయినా ఫరవాలేదనుకుంది. ఈ మాట అప్పుడే అనుకుని ఉంటే అని దారంతా ఏడ్చింది.

పీర్ సాహెబ్ ఇంటి తలుపు ఆయన భార్య బీజాన్ తీసింది. రెబెక్కమ్మ ఎవరో తెలిశాక కూడా లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. అర్మాన్ వేలూరులోనే ఉన్నాడని, చెయ్యి సరిగా అతకలేదని, జడ్సన్ సంగతి వాడికేం తెలియదని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, గర్వంగానో భయంగానో అంది.

"వచ్చే నెల మావాడికి నిఖా. మంచి పిల్ల. వాడిప్పుడు ఎదురు మాట్లాడడం లేదు. అల్లా దయవల్ల నయమైపోయింది."

రెబెక్కమ్మ తలుపు చెక్క పట్టుకుంది. ఎదురుగా ఉన్న ఆ ముఖంలో ఆమెకు తన ముఖమే కనిపించింది.

"ఆ పెళ్ళి ఆపు బీజానమ్మా. వాడు మాట్లాడడం మానేసినాడంటే నయమైనట్టు కాదు. నేనూ అట్టనే అనుకున్నా. ఒక ఆడబిడ్డ ఉసురు పోసుకున్నా, నా బిడ్డను పోగొట్టుకున్నా."

బీజాన్ కళ్ళు నిండాయి. లోపల నుంచి ఎవరిదో మగగొంతు ఎవరొచ్చారని అడిగింది. ఎవరూ లేరని చెప్పి, బీజాన్ తలుపు వేసి గడియ పెట్టింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. రెబెక్కమ్మ ఈసారి తల దించుకోలేదు. మూసిన తలుపుకు నోరు దగ్గరగా పెట్టి, లోపలి తల్లికి వినబడేలా చెప్పింది.

"మన బిడ్డలకు ఏ రోగమూ లేదమ్మా. వాళ్ళు మనసుపడిన మనిషితో వాళ్ళను బతకనీ. మనం కాపాడుకునే పరువు ఆఖరికి మన బిడ్డల్నే తినేస్తాది."