కాలువ గట్టు మీదికి మల్లిన బండి

కోరుట్ల దాటంగనే, పొద్దుగాల పదింటికి, రోడ్డు బందువెట్టిండ్రు. సకల జనుల సమ్మె మొదలయి నెల దాటింది. బస్సులు లెవ్వు, బడులు లెవ్వు, సర్కారు ఆఫీసులన్నిటికి తాళాలు. ఇగ రోడ్డు మీద తిరిగేటియి లారీలే. వాటిని గూడ ఆపితేగాని ఢిల్లీకి మన మాట ఇనవడదని నడి రోడ్డు మీద రాళ్లు వేర్చి, పొయ్యిలు వెట్టి, అన్నం వండుడు షురూ జేసిండ్రు. మూడింటిదాక ఒక్క చక్రం కదలద్దని మైకుల చెప్పవట్టిండ్రు.

ఎహసాన్ బండి వరుసల పదిహేనోది. నిజామాబాద్ దిక్కు నుంచి సిరిసిల్లకు నూలు మూటలు ఏసుకొని అస్తున్నడు. యాభై నాలుగేండ్ల మనిషి. అందుల ముప్పై ఏండ్లు స్టీరింగు ముందటనే ఒడిసినయి. భార్య మహమూదా బేగం పోయి ఆరేండ్లాయె. ఒక్కతే బిడ్డ నస్రీన్, మొగనితోని మస్కట్‌ల ఉంటది. సిరిసిల్లల ఆయనకు ఒక కిరాయి అర్ర ఉన్నదిగని, అండ్ల ఆయన కంటె ఎలుకలే ఎక్కువ ఉంటయి.

ఆ పొద్దుగాల్నే జగిత్యాల నుంచి జీషాన్ ఫోన్ జేసిండు. జీషాన్ అంటే ఇర్ఫాన్ కొడుకు. "అబ్బా పోయిండు చాచా. అసర్ నమాజు అయినంక తీస్తం. మీరు రావాలె" అన్నడు. గంతే, పెట్టేసిండు. అసర్ అంటే సాయంత్రం నాలుగున్నర. మన ముసల్మాన్ల దాంట్ల మయ్యత్‌ను, అంటే పీనుగును, ఎక్కువ సేపు ఉంచరు, ఎవ్వల కోసం ఆపరు.

ఇర్ఫాన్ ఎవలంటే, ఎహసాన్ జోడి. పద్దెనిమిదేండ్లు ఈయన బండి ముందట, ఆయన బండి ఎనుక, లేకుంటె ఆయన ముందట, ఈయన ఎనుక. ఒక్కడు చాయ్‌కు ఆగితే ఇంకొకడు ఆగుడే. అసొంటి సోపతి. మరి నాలుగేండ్ల సంది ఇద్దరికి మాటల్లెవ్వు. ఎందుకో చెప్త, జెర్ర ఆగుండ్రి.

గిప్పుడు ఎహసాన్‌కు కావలసింది ఒక్కటే. జనాజా పాడె కింద భుజం పెట్టాలె. ఎక్కువ దూరం గాదు, పది అడుగులు. నాలుగేండ్లు ముఖం చూపియ్యనోడు ఇంక ఏం అడుగుతడు చెప్పుండ్రి? బతికున్నప్పుడు మాఫీ అడుగకపాయె, చచ్చినంక మోసైన పోవాలె అనుకున్నడు.

"మరి గా మైకు పట్టుకున్నోళ్లతోని ఒక్క మాట చెప్పరాదా, చావు ఉన్నది దారియ్యిండ్రి అని?" అని మీరు అడుగుతరు. నేను గూడ గదే అడుగుత. చెప్తే రాళ్లు జరిపి సాగనంపుదురు, పీనుగుకు అడ్డం పడేటోళ్లు గాదు వాళ్లు. ఎహసాన్ రెండుసార్లు బండి దిగి మైకు కాడిదాక పోయిండు, మల్ల ఎనుకకు అచ్చిండు. పదకొండింటికే జగిత్యాల చేరితే ఇర్ఫాన్ ఇంట్ల గూసోవాలె. ఆయన ఆడామె పర్దా ఎనుక ఏడుస్తుంటే ఇనాలె. నాలుగేండ్లు యాడికి వోయినవు అని ఎవలన్న అడిగితే నోరిప్పాలె. గది ఆయనతోని కాదు. మూడింటికి రోడ్డు ఇడుస్తరు, నలభై నిమిషాల్ల జగిత్యాల, నమాజు టైముకు చక్కగ పోయి వరుసల నిలవడుత అని లెక్క ఏసుకున్నడు. పిరికి లెక్క. బండి నీడకు పోయి గూసున్నడు.

ఆడ అప్పటికే ఇద్దరు డ్రైవర్లు సప్పరించుకుంట ముచ్చట వెట్టిండ్రు. ఒకాయన తంగళ్ళపల్లి లస్మయ్య, బియ్యం బండి. ఇంకొకాయన మెట్‌పల్లి ఏసయ్య, పసుపు బండి. డ్రైవర్లు నలుగురు ఒక్కకాడ గూసుంటే ఇంక ఏం ముచ్చట ఉంటది? ఏడ ఏ సారు ఆపిండు, ఎట్ల తప్పిచ్చుకున్నం, గదే.

"ఒక్కపారి బార్డరు కాడ నన్ను ఆపి, ఫస్టెయిడ్ డబ్బ చూపియ్యి అన్నడు" అన్నడు ఏసయ్య. "తీసి చూపెట్టిన. అండ్ల ఏమున్నది, ఉల్లిగడ్డలు, ఎండు మిరపకాయలు. దెబ్బ తాకితె ఏం పెడ్తవురా అన్నడు. మిరపకాయ పెడ్త సార్, గా మంటకు దెబ్బ యాదికుండది అన్న."

"మరి ఇడిచిండా?"

"నవ్విండు, నవ్వుకుంటనే చలాన్ రాసిండు. నవ్వే సార్లతోనే పైలంగ ఉండాలె."

లస్మయ్య తొడ మీద కొట్టుకొని నవ్విండు. "నాది ఇను మరి. హారన్ కొట్టుమన్నడు ఒక సారు. వైరు తెగి యాడాదాయె, యాడికెల్లి మోగుతది? సార్, మా దిక్కు మనుషులకు హారన్ ఇనవడదు, నేను తల బయటికి పెట్టి తిడితేనే జరుగుతరు అన్న. ఏది తిట్టు అన్నడు. తిట్టిన. గా తిట్టుకు ఆయన ఎనుక నిలవడ్డ కానిస్టేబులు నిజంగనే పక్కకు జరిగిండు."

ఎహసాన్ గూడ నవ్విండు. నవ్వద్దు అనుకున్నడుగని అచ్చింది. "నీదొకటి చెప్పు భాయ్, పెద్దమనిషివి గట్ల ఊకున్నవేంది" అని లస్మయ్య పోరువెట్టిండు.

ఆయన నోట్లె ఉన్నయన్ని ఇర్ఫాన్ కథలే. ఏం జేస్తడు? చెప్పిండు.

"నా జోడి ఇర్ఫాన్ అని ఉండె... ఉన్నడు. ఆయన బండిని ఒక సారు ఆపి, మూటలు ఎక్కువున్నయి, నేనే ఎక్కి చూస్త అన్నడు. నిచ్చెన తెప్పిచ్చుకొని లోడు మీదికి ఎక్కిండు. గా నిచ్చెన పక్క బండోనిది. వాడు తీసుకొని పోయిండు. సారు మీద, మేం కింద. జారుదామంటె భయం, ఒర్లుదామంటె ఇజ్జత్. మిట్ట మధ్యాన్నం, ఎండకాలం. వేరేటోడైతే నవ్వుకుంట నిలవడును. ఇర్ఫాన్ స్టవ్వు ముట్టిచ్చి చాయ్ జేసి, స్టీలు డబ్బల పోసి, తాడు కట్టి మీదికి పంపిండు. గొడుగు గూడ పంపిండు. నిచ్చెన అచ్చేదాక గంటసేపు సారుతోని కిందికెల్లి ముచ్చట పెట్టిండు, పిల్లలెందరు, ఏ ఊరు అనుకుంట. దిగినంక సారు మూటల సంగతే ఎత్తలే."

ఏసయ్య కండ్లల్ల నీళ్లచ్చేదాక నవ్విండు. "మస్తు మనిషే! గిప్పుడేడున్నడు భాయ్, ఏ బండి నడుపుతుండు?"

"జగిత్యాలల ఉన్నడు" అన్నడు ఎహసాన్. అబద్ధం గూడ కాదాయె.

అన్నం వండిన సత్యవ్వ ఇస్తార్లు పట్టుకొని అచ్చింది. "తినుండ్రి బిడ్డా, తెలంగాణ అచ్చేదాక ఉపాసమేంది" అని వద్దన్నా ఇనకుంట వడ్డించింది. ఎహసాన్ నాలుగు బుక్కలు తిని చెయ్యి కడిగిండు. పూరాగ తినబుద్ధి కాలే.

ఇగ నాలుగేండ్ల కింది సంగతి. లారీలు జోడిగ పోయేటప్పుడు ఒక కట్టుబాటు ఉంటది. ముందట పోయెటోనికి చెకింగ్ కనవడితె బ్రేకు లైటు రెండుసార్లు ఎలిగియ్యాలె. ఎనుకటోడు గది చూసి ఏదన్న పక్క దారి పడ్తడు. ఆ రోజు ఎహసాన్ ముందట. ఇద్దరి బండ్లల్ల ఓవర్‌లోడ్ మక్కలు. మలుపు తిరిగేసరికి జీపు కనవడ్డది. ఎహసాన్ చేతులు స్టీరింగును ఎడమ దిక్కు మట్టి రోడ్డుకు తిప్పేసినయి. బ్రేకు మీద కాలు వెట్టుడు మర్చిపోయిండు. మర్చిపోయిండా, భయానికి యాదికి రాలేదా, ఆ దేవునికే తెల్వాలె. ఇర్ఫాన్ సక్కగ పోయి చిక్కిండు. బండి నెల రోజులు స్టేషన్ల పడ్డది. మక్కలు మొలకలెత్తినయి. ఓనరు ఇర్ఫాన్ చేతుల తాళం గుంజుకున్నడు. మల్ల ఎవ్వలు ఆయనకు బండియ్యలే. జగిత్యాల రోడ్డు పొంటె పంచర్ల షాపు వెట్టుకున్నడు. ఎహసాన్ గా షాపు ముందటికెల్లి ఎన్నిసార్లు పోయిండో, ఒక్కసారి ఆగలే.

మూడింటికి రాళ్లు జరిపిండ్రు. కదిలేముందు పోరగాండ్లు రంగు డబ్బ పట్టుకొని అచ్చి, ప్రతి బండి నంబరు ప్లేటు మీద ఏపీ తుడిచి టీజీ అని రాసిండ్రు. ఎహసాన్ బండికి గూడ రాసిండ్రు. కాయిదాలల్ల ఒకటి, ప్లేటు మీద ఇంకొకటి. ఎవలన్న ఆపితే చెప్పుకునుడు కష్టమే అని మనసుల అనుకున్నడుగని, జై తెలంగాణ అని చెయ్యి ఊపి కదిలిచ్చిండు.

వందల బండ్లు ఒక్కసారి ఇడిస్తె రోడ్డు ఎట్లుంటది? చీమల్లెక్క పోయిండ్రు. జగిత్యాల పొలిమేరకు చేరేసరికి నాలుగూ యాభై. నమాజు అయిపోయి ఉంటది. అయితేమాయె, మజ్జీద్ నుంచి ఖబ్రస్తాన్‌దాక మోసుకొని రావాలె గద, ఖబ్రస్తాన్ ఈ రోడ్డు పొంటెనే గద, అందుకుంట, అందుకుంట అనుకుంట యాక్సిలేటరు తొక్కిండు.

మలుపు తిరిగిండు.

రోడ్డుకు అడ్డంగ తెల్ల జీపు. జీపు ముందట ఇద్దరు మనుషులు, చెయ్యెత్తి బండ్లను ఆపుతున్నరు. ఎహసాన్ అంతే చూసిండు. ఎడమ దిక్కు కాలువ గట్టు రోడ్డు ఉన్నది. ముప్పై ఏండ్లు ఏం జేసిండో చేతులు గదే జేసినయి. బండి గట్టెక్కింది.

ఓవర్‌లోడ్ లేదు. కాయిదాలు సక్కగున్నయి. నూలుకు బిల్లు ఉన్నది. ఆపితే ఏమైతుండె? ఒక్క పది నిమిషాలు ప్లేటు మీద రంగు గురించి మాట పడుతుండె. నాకైతే ఇప్పటికీ కోపమే అస్తది. ఒరే, చెకింగ్ జేసే ఆర్టీవో సార్లందరు నెల నుంచి సమ్మెల ఉన్నరు, చెకింగ్ ఎవడు జేస్తడురా? గది పొద్దంత ముచ్చట్లు చెప్పుకున్న ముగ్గురు డ్రైవర్లల్ల ఒక్కనికన్న తట్టిందా?

గట్టు మీద అర కిలోమీటరు పోయినంక వాన నీళ్లకు మెత్తవడ్డ కాడ ఎనుక చక్రం దిగవడ్డది. ఫోన్ మోగింది. జీషాన్. చేతులు బురద, ఎత్తలే. మల్ల మోగింది. అస్తున్న బేటా, ఇగో అస్తనే ఉన్న అని బండికే చెప్పుకుంట, చక్రం కింద రాళ్లు ఏసి, కొమ్మలు ఏసి, పొలం కాడి రైతును బతిమాలి ట్రాక్టరు కట్టి గుంజిచ్చిండు. ఖబ్రస్తాన్ కాడికి అచ్చేసరికి పొద్దు గూకవట్టింది. మనుషులు చేతులు దులుపుకుంట ఎల్తున్నరు.

రోడ్డు మీద గా తెల్ల జీపు ఇంకా ఆన్నే ఉన్నది. దాని మీద మైకు. పక్కన టెంటు, టెంటు కింద సమ్మెల గూసున్న ఉద్యోగులు.

కొత్త మట్టి ఎత్తుగ వోసి ఉన్నది. ఎహసాన్ చెప్పులు ఇడిచి పోయి, పక్కకు రాలిన మట్టి మూడు పిడికిళ్లు ఎత్తి మీద ఏసిండు. ఏడుపు రాలే. దుఆకు చేతులు ఎత్తి, అట్లనే దించిండు. ఆఖరికి ఒక్కడు మిగిలిండు, జీషాన్. ఇరవై ఆరేండ్ల పిలగాడు, అచ్చం తండ్రి ముఖమే.

"మిమ్ముల ముందుగాల నేనే చూసిన చాచా" అన్నడు జీషాన్. గొంతుల కోపం లేదు, అలిసిపోయి ఉన్నది. "జనాజా రోడ్డు దాటాలెనని గా టెంటు కాడి సార్లు బండ్లను ఆపుతుండిరి. మేం గల్లీల నుంచి రోడ్డు మీదికి ఎక్కుతున్నం. మలుపు కాడ మీ బండి కనవడ్డది. ఎహసాన్ చాచా అచ్చిండు, ఆగుండ్రి, ఆయన భుజం పెట్టాలె అని అందరిని ఆపిన. అబ్బాను భుజాల మీద పెట్టుకొనే నిలవడ్డం. ముందటి కట్టె మీకియ్యాలెనని నేను పక్కకు గూడ జరిగిన."

ఎహసాన్ పక్కకున్న ఖబ్రస్తాన్ గోడ పట్టుకున్నడు. "చెకింగ్ అనుకున్న బేటా" అన్నడు.

జీషాన్ మట్టి మీద చెయ్యి పెట్టి నిమిరి, సదును జేసిండు.

"అబ్బా గూడ గట్లనే చెప్పిండు. బండి పోయిన ఏడాది అమ్మీ మిమ్ముల తిడితే, వాడు నన్ను ఇడిచిపెట్టి పోలే, జీపు చూస్తే వాని చేతులు ఆగయి, గంతే, నాకెరుకే గద అన్నడు. ఎన్నడు మిమ్ముల ఒక్క మాట అననియ్యలే. మీ బండి షాపు ముందటికెల్లి పోయిన ప్రతిసారి పానా కింద పెట్టి, లేచి నిలవడి చెయ్యి ఊపుతుండె."

ఎహసాన్ గోడ మీదికెల్లి జారి కింద గూసున్నడు. అప్పుడచ్చింది ఏడుపు. "గీ మాట నాకెందుకు చెప్పలేదురా? నాలుగేండ్లు, ఒక్కసారన్న నాకెందుకు చెప్పలేదు మీరు?"

"మీరు ఆగితే గద చాచా" అన్నడు జీషాన్.