కొత్త అల్లుడికి 577 బోరు

నేను ఒక 577 బోరు రైఫిల్‌ని. రెండు గొట్టాలు, పసిపిల్ల కన్నా ఎక్కువ బరువు. ఇంగ్లండులో ఏనుగుల కోసం నన్ను తయారుచేశారు. విశాఖ మన్యం అంచున ఒక జమీందారు నన్ను కొన్నాడు. అక్కడ ఏనుగులు లేవు. ఆయన అడగలేదు, అమ్మినవాడు చెప్పలేదు.

బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు. అది పెరిగితే తూటా పెరుగుతుంది, కాల్చినవాడి భుజానికి తగిలే దెబ్బా పెరుగుతుంది. ఈ రెండోది కొనేటప్పుడు ఎవరికీ గుర్తుండదు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త అల్లుడి మొదటి వేటకి ఇంట్లోకెల్లా పెద్ద తుపాకి ఇవ్వాలి. మామగారు చిన్నది పట్టుకుని పక్కన కూర్చోవాలి. మొదటి గుండు అల్లుడిది.

అలా నేను విజయగోపాలరాజు చేతికి వచ్చాను. అతను చెన్నపట్నంలో లా చదివాడు, తుపాకి ఎన్నడూ పట్టలేదు. ఇప్పుడు కొట్టాల్సింది కట్టెలకు వెళ్లిన ఇద్దరిని తిన్న పులిని.

తోటలో కుండ పెట్టి సాధన చేయించారు. మొదటి గుండుకి అతను వెల్లకిలా పడ్డాడు. కుండ పడలేదు.

"అలవాటైపోద్దండి అల్లుడుగారూ," అన్నారు మామగారు జగ్గరాజు.

అలవాటైంది. ట్రిగ్గరు నొక్కకముందే కళ్లు మూసుకోవడం అలవాటైంది.

ఆ సాయంత్రం భార్య సుభద్రయ్యమ్మ అతని భుజానికి కాపడం పెట్టింది.

"కళ్లు మూసుకుంటే పులి ఆగదండి. నేను కణుజు దుప్పుల్ని కొట్టిన 375 బోరు నాన్నగారి దగ్గరుంటది. అదడగండి. పులికి చాలు, మీ భుజానికీ చాలు."

"ఆడపిల్ల కాల్చిన తుపాకి అడిగితే మీ నాన్నగారు ఏమనుకుంటారు?"

"నేను బొట్టు తీసేస్తే ఏమనుకుంటారో అది ముందు ఆలోచించండి."

మర్నాడు హారతిచ్చి మమ్మల్ని మంచె ఎక్కించారు. పొద్దు వాలుతుండగా పులి వచ్చింది. మంచె ఎత్తు దానికి పెద్ద ఎత్తు కాదు. గాయపడితే ఒక్క దూకు. అల్లుడు నన్ను భుజానికి ఆనించాడు. రెప్పలు వాలడం నాకు తెలుస్తూనే ఉంది.

అతను నన్ను దించాడు.

"మావయ్యగారూ, తుపాకులు మార్చుకుందామండి," అని గుసగుసలాడాడు.

"ఇంటి మర్యాద పోద్దయ్యా."

"మర్యాద మీరు పట్టుకోండి. పులిని నేను చూస్తాను."

జగ్గరాజుగారు పులిని చూశారు, అల్లుణ్ణి చూశారు. తర్వాత నన్ను ఒళ్లో పెట్టుకున్నారు. 375 ఒక్కసారే పేలింది. అల్లుడి కళ్లు తెరిచే ఉన్నాయి. పులి పడిన చోటునుంచి లేవలేదు.

తిరుగుదారిలో, తుపాకి పేలిందని విని వచ్చిన సుభద్రయ్యమ్మ జీపు ముందు సీట్లో కూర్చుని మొగుడి చెయ్యి వదల్లేదు. 375 ఆమె ఒళ్లో ఉంది. నన్ను వెనక పులి పక్కన పెట్టారు. దారంతా మేమిద్దరం మాట్లాడుకోలేదు.

ఇప్పుడు మ్యూజియంలోనూ పక్కపక్కనే ఉన్నాం. దానికి గడ్డి కూరారు, నాకు నూనె పూశారు. చూడవచ్చినవాళ్లు దాన్ని చంపింది నేనే అనుకుంటారు.

నేను కాదనను. పులి కూడా ఏమీ అనదు.