రుచి మారని బీరు

మావిస్ పోసే బీరు మీద క్లెమ్‌కు అనుమానం పుట్టింది అది బాగోలేక కాదు, ఎప్పుడు చూసినా బాగుండటం వల్ల.

పీపా బీరంటే ప్రాణమున్న సరుకు. పబ్ నేలమాళిగలోకి చేరాక కూడా లోపల ఈస్ట్ పనిచేస్తూనే ఉంటుంది. తెరిచిన రోజు ఒక రుచి, మర్నాడు ఇంకాస్త ముదురు రుచి, ఆపైన కల్లులాగే పులుపు తిరుగుతుంది. ఏ రోజు తాగినా ఒకే రుచంటే అది చచ్చిన బీరు, గ్యాసు ఎక్కించినది. యార్క్‌షైర్‌లో అరవయ్యేళ్లు తాగినవాడికి ఆ మాత్రం తెలీదా? మావిస్ ఈ పబ్ తీసుకుని ఏడాదైంది, ఒక్కనాడూ రుచి మారలేదు. పైగా ఆవిడ లండన్ వైపు మనిషి, ఊరికి పరాయిది. క్లెమ్‌కు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"పీపాలోంచి బీరు తోడే ఆ చేతిపంపు ఉత్త వేషంరా స్టాన్లీ," అన్నాడు స్నేహితుడితో, గొంతు తగ్గించి. "కింద గ్యాసు బీరు పెట్టి మన కళ్లకు గంతలు కడుతోంది."

"కిందకి దిగి చూడరాదూ?"

"అడిగాన్రా! నా బూట్ల దడదడకి పీపాల్లో మడ్డి లేస్తుందట, వద్దంది. అంత దాపరికం దేనికంట?"

స్టాన్లీ పెళ్లాం చెవిన వేశాడు. ఆవిడ చెవిన పడ్డాక ఊరంతటికీ చాటింపు వేసినట్టే. నిప్పు లేనిదే పొగ రాదనుకుని జనం ఒక్కొక్కరే కొండమీది ఇంకో పబ్‌కు మళ్లారు. క్లెమ్ మాత్రం రావడం మానలేదు. తనూ మానేస్తే దొంగను పట్టేదెవరు?

ఆ గురువారం సాయంత్రం పబ్‌లో క్లెమ్ తప్ప ఎవరూ లేరు. మావిస్ పంపు లాగి గ్లాసు నింపింది. ఒక గుక్క తాగగానే నాలుక చివర చురుక్కుమంది.

"పులిసిందే!"

"పులవదూ మరి? శనివారం తెరిచిన పీపా. ఇదివరకైతే పొద్దున తెరిస్తే రాత్రికి ఖాళీ. దానికి ముసలితనం వచ్చేదాకా మీవాళ్లు ఉంచితేగా! నాదే తప్పు, మీకిది పోయకుండా ఉండాల్సింది."

క్లెమ్ గ్లాసు కింద పెట్టాడు. గ్యాసు బీరు పులవదు, అంటే ఇది ప్రాణమున్నదే. ఏడాదిగా వెతుకుతున్న రుజువు ఇప్పుడు నోట్లో ఉంది, దాన్ని అక్కడికి తెచ్చింది తన నోరే. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"ఇంకో పీపా తెరువమ్మాయ్," అన్నాడు.

"లేదు. తెప్పించడం మానేశాను. ఆదివారంతో పబ్‌కు తాళం పెట్టేస్తున్నా." బల్ల మీద తడి తుడుస్తూ ఆగింది. "జనం ఎందుకు మానేశారో నాకు అంతుపట్టట్లేదు క్లెమ్ గారూ. మీరు ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు. మీకేమైనా తెలుసా?"

"తెలీదు," అన్నాడు క్లెమ్.

మావిస్ నమ్మినట్టు కనబడలేదు.