ముందు సీటు

పులిహోరలోకి పోపు వేస్తుంటే మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "రేపు తెడ్డు కాస్త చూసి వెయ్యి జ్యోతీ," అన్నాడు.

ఆవాలు చిటపటలాడుతున్నాయి. మంట తగ్గించాను. రేపు నాగాయలంకలో కయాక్ పడవల పోటీలు. బందరు జట్టు తరఫున పడవలో కూర్చునేది నలుగురం. ఆ నలుగురికీ పులిహోర కలిపేది మాత్రం నేనొక్కదాన్నే. కోచ్ గారి భార్యను కదా.

"చూసి అంటే ఏంటండీ?"

"ఫైనల్లో ఎలాగూ మనమూ గుడివాడ వాళ్ళూనే మిగులుతాం. సగం దాటాక కాస్త తగ్గించు. అలిసిపోయావనుకుంటారు. ఇన్నేళ్ళ తర్వాత వచ్చావు, ఎవరూ ఏమీ అనరు."

గుడివాడ జట్టును నడిపేది రైస్ మిల్లు జనార్దనరావు గారు. ఈసారి కప్పు తన జట్టుకు రావాలని ఆయన పట్టుదల. వచ్చే సీజన్‌కి మా ఆయన ఆ జట్టుకే కోచ్‌గా వెళ్తాడట. మాట కూడా అయిపోయిందట. గరిటె చేతిలో పట్టుకుని నేను వింటున్నాను.

"మరి నా వెనక కూర్చునే సాయిదుర్గ వాళ్ళు?"

"వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు. నిన్ను తీసుకెళ్తాగా."

ఒకప్పుడు నేను స్టేట్ ఛాంపియన్‌ని. ఆట మానేసినప్పుడు నేను రిటైరయ్యానని ఎవరూ అనలేదు. పెళ్ళైందన్నారు. మా అత్తగారు సుబ్బరత్నమ్మ గారు నన్ను చూసిన మొదటి వారంలోనే, "ఆ భుజాలేంటమ్మా మగాడికి మల్లే, పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకో," అన్నారు. కుట్టించుకున్నాను. ఆ జాకెట్లలోనే నీళ్ళ బిందెలు మోశాను, పాపను మోశాను, ఆవిడ మోకాళ్ళ నొప్పులకు నూనె రాశాను. భుజాలు ఎందుకూ పనికిరాలేదని మాత్రం అనలేను. మొన్న వేసవిలో మా ఆయన ఉన్నట్టుండి, "నీ టాలెంటు వంటింట్లో వృథా అవుతోంది, మళ్ళీ పడవెక్కు," అన్నప్పుడు నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు. టీవీ వాళ్ళ మైకు ముందు ఆయన అదే మాట మళ్ళీ అంటే, పక్కన నిలబడి సిగ్గుపడ్డాను కూడా. నా బుద్ధి అంత.

నన్ను తెచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. అప్పటిదాకా ఆ సీటు బందరు పక్కనున్న గూడూరు నుంచి వచ్చే సాయిదుర్గది. దాన్ని రెండో సీట్లోకి జరిపాడు. ఆ రోజు నుంచీ అది నాతో తిన్నగా మాట్లాడలేదు. నలుగురి పడవలో ముందు కూర్చున్న మనిషి భుజం ఎలా కదిలితే వెనక ముగ్గురి భుజాలూ అలాగే కదలాలి. లేకపోతే తెడ్లు ఒకదానికొకటి తగులుతాయి. వెనకవాళ్ళకు గట్టు కనపడదు, ముగింపు గీత కనపడదు, ముందున్న దాని వీపే కనపడుతుంది. ఆ వీపు మెత్తబడితే పడవంతా మెత్తబడుతుంది. ఎందుకో ఎవరికీ తెలియదు.

"ఆ మాట సాయిదుర్గతోనే చెప్పకపోయారా? ముందు సీటు దానిదేగా," అన్నాను.

మా ఆయన నవ్వాడు. "అది మాట వినే రకమా? నువ్వంటే వింటావు. అందుకేగా నిన్ను తెచ్చింది."

ఎంత మామూలుగా అన్నాడో! నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "ఇంగువ ఎక్కువైనట్టుంది," అని కూడా అన్నాడు. అయితే నా వేగం కోసం కాదన్నమాట. రోజూ చీకట్నే లేచి నేను చేసిన కసరత్తు కోసం కాదు, నా పాత పతకాల కోసమూ కాదు. ఇన్నేళ్ళూ ఏ మాటకైనా తలూపినందుకు నన్ను ఎంపిక చేశాడు. పులిహోర కలుపుతూనే ఉన్నాను, ఎందుకంటే అన్నం చల్లారిపోతోంది.

మర్నాడు హీట్స్ అనే తొలి పందాల్లో తేలిగ్గానే గెలిచాం. ఫైనల్‌కి ముందు రేవు పక్కన టెంటులో తలా రెండు ముద్దలు తినమని నేనే పులిహోర పెట్టాను. మూడో నాలుగో సీట్లలో కూర్చునే బందరు పిల్ల మెహక్, ఈ ఊరి పిల్ల గ్రేస్ కబుర్లాడుకుంటూ తింటున్నారు. సాయిదుర్గ తినకుండా నీళ్ళవైపు చూస్తోంది. ఈ పోటీ గెలిస్తే నేషనల్స్. దాని వయసుకు అది ఎంత పెద్ద మాటో నాకంటే ఎవరికి తెలుసు?

ముగ్గురినీ దగ్గరికి పిలిచి చెప్పాను. మా ఆయన ఏమన్నాడో, ఎవరి కోసం అన్నాడో, నన్నే ఎందుకు తెచ్చాడో, ఒక్క ముక్క దాచకుండా చెప్పాను. చెప్తుంటే నా సంసారాన్ని నలుగురిలో పరిచినట్టు అనిపించింది. పరిచాను.

మెహక్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"ముందు సీటు నీది సాయీ, తీసుకో," అన్నాను.

అది నా వైపు తిరిగింది. "మొన్న ప్రాక్టీసులో మీ వేగం అందుకోలేక నా రెక్కలు పడిపోయినయ్యక్కా. ఆ కుళ్ళుకే మీతో మాట్లాడలా. మీ వేగం సంగతి సార్‌కి తెలియదా?"

"ఆయన చూసింది నా వేగాన్ని కాదు."

"అయితే మీరే కూర్చోండి ముందు." లేచి తెడ్డు అందుకుంది. "తగ్గించారో, నా తెడ్డొచ్చి మీ వీపుకి తగులుద్ది."

గ్రేస్ ఫక్కున నవ్వింది. నాకు మాత్రం కళ్ళు తడిశాయి.

పడవ నీళ్ళలోకి దించాం. ఎక్కి కూర్చుని, చుక్కాని తిప్పే పట్టీ మీద పాదాలు సర్దుకుంటున్నాను. గట్టు మీద షామియానా కింద జనార్దనరావు గారికి నమస్కారం పెట్టి, మా ఆయన మెట్లు దిగి వచ్చాడు. నా చేతికి మంచినీళ్ళ సీసా ఇస్తున్నట్టు వంగి, మెల్లగా అడిగాడు. "చెప్పింది గుర్తుందిగా?"

"గుర్తుందండీ," అన్నాను, వెనక ముగ్గురికీ వినపడేలా. "వీళ్ళకి కూడా చెప్పాను."